మర – దాని జత



ముందుగా ఒక మాట సంగతి చూద్దాం. ఇంగ్లీషులో 'థ్రెడ్' అంటే దారం, 'కటింగ్' అంటే కత్తిరించడం. అందుచేత 'థ్రెడ్ కటింగ్ మెషీన్' అన్నదానిని తెలుగు చేయమంటే మీలో కొందరు 'దారం కత్తిరించే యంత్రం' అని వ్రాయవచ్చు. మాటకు మాట చూస్తే అందులో తప్పేమీ లేదు. కాని ఆ యంత్రం నడిపే పనివాని ముందు ఆ మాట అంటే ఆయన నవ్వి, "దర్జీ కొట్టు పక్క వీధిలో ఉంది బాబూ!" అంటాడు.

ఇక్కడ థ్రెడ్ అంటే బోల్టు ఒంటి మీదా, సీసా మెడ మీదా చుట్లు చుట్లుగా సాగిపోయే గాడి. దానికి తెలుగులో చక్కని మాట ఉంది. అది 'మర'. మరమేకు అన్నప్పటి మర ఇదే. "మూత మర పోయింది", "బోల్టు మర అరిగింది" అని మన ఊళ్లలో ఇప్పటికీ అంటారు. పిండిమర, మరబొమ్మ, మరమనిషి అన్నప్పుడు మాత్రం మర అంటే యంత్రం. ఈ పాఠంలో గాడిని మర అనీ, దానిని వేసే సాధనాన్ని యంత్రమనీ అందాం. లేకపోతే 'మర వేసే మర' అని వ్రాయవలసి వస్తుంది! హైదరాబాదు వైపు పనివారు మరను 'చూడీ' అని కూడా అంటారు. హిందీలో, ఉర్దూలో చూడీ అంటే గాజు. మోచేతి దాకా వరుసగా గాజులు తొడిగిన చేతిని తలచుకోండి. ఆ పోలిక ఎంత అందంగా ఉందో తెలుస్తుంది.

ఇక మర అంటే ఏమిటో చేసి చూద్దాం. ఒక కాగితాన్ని మూల నుండి మూలకు వాలుగా కత్తిరించండి. వాలు అంచుకు ఎర్రరంగు పూయండి. నిలువు అంచును పెన్సిలుకు ఆనించి కాగితం చుట్టండి. ఎర్రగీత పెన్సిలు చుట్టూ తిరుగుతూ పైకి పోతుంది. అదే మర. తిరుమల కొండకు బస్సు నిట్టనిలువుగా ఎక్కలేదు గదా! ఘాటు రోడ్డు మీద మెల్లమెల్లగా, దూరం ఎక్కువైనా, తేలికగా ఎక్కుతుంది. మర కూడా ఇనుము మీద చెక్కిన ఘాటు రోడ్డు వంటిదే.

మరలో ఒక గట్టు నుండి పక్క గట్టుకు ఉన్న దూరాన్ని 'పిచ్' అంటారు. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే మిగిలిన పాఠమంతా సులభం. నట్టును ఒక చుట్టు తిప్పితే అది ఒక పిచ్ దూరం ముందుకు పోతుంది. 10 మి.మీ. లావు బోల్టుకు మామూలుగా ఉండే పిచ్ 1.5 మి.మీ. స్పానరు పట్టిన మీ చేయి బారెడు దూరం తిరిగి వచ్చినా నట్టు 1.5 మి.మీ. మాత్రమే కదులుతుంది. అందుకే చేతిలోని కొద్ది బలం అక్కడ పెద్ద పట్టుగా మారుతుంది.

అయితే బోల్టు ఒక్కటే ఉంటే ఏం లాభం? దాని బయటి మరకు సరిపోయే లోపలి మర ఉన్న నట్టు కావాలి. లావు సరిపోవాలి, పిచ్ సరిపోవాలి, గట్టు వాలు సరిపోవాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా రెండూ రెండు ఇనుప ముక్కలే.

లేతు యంత్రం

పూర్వం మరను ఆకురాయితోనో, ఉలితోనో చేతితో గీసేవారు. ఎంత నేర్పు గల కమ్మరి అయినా రెండు బోల్టులకు ఒకే మర గీయలేడు. కాబట్టి ఒక యంత్రాన్ని విప్పితే ఏ నట్టు ఏ బోల్టుదో గుర్తులు పెట్టుకోవలసి వచ్చేది. ఒక నట్టు పోతే దానికోసం కొత్తది ప్రత్యేకంగా చేయించాలి.

ఈ ఇబ్బందికి మందు లేతులో దొరికింది. మర కోసే లేతులను జెస్సీ రామ్స్‌డెన్ వంటివారు ముందే చేశారు గాని, 1800 ప్రాంతంలో లండనులో హెన్రీ మాడ్స్‌లే చేసిన లేతు కర్మాగారాల పనికి దారి తీసింది. అది ఎట్లా పనిచేస్తుందో చూడండి. మర వేయవలసిన కడ్డీ ఉన్నచోటనే గిరగిర తిరుగుతుంది. కోసే పనిముట్టు కడ్డీని ఒరుసుకుంటూ పక్కకు జరుగుతుంది. కడ్డీ ఒక చుట్టు తిరిగేసరికి పనిముట్టు సరిగ్గా ఒక పిచ్ దూరం జరగాలి. వెంట్రుకవాసి ఎక్కువ కాకూడదు, తక్కువ కాకూడదు. మనిషి చేయి వణుకుతుంది గదా! అందుకని లేతు పొడవునా ఒక పెద్ద మర కడ్డీని అమర్చి, పనిముట్టును జరిపే పని దానికి అప్పగించారు. దాని పేరు లీడ్ స్క్రూ. తిరిగే కడ్డీకీ, లీడ్ స్క్రూకూ నడుమ పళ్ల చక్రాలు ఉంటాయి. చక్రాలు మారిస్తే పిచ్ మారుతుంది.

దీనిని లెక్కలో చూస్తేనే రుచి. లీడ్ స్క్రూ పిచ్ 6 మి.మీ. అనుకుందాం. మనకు కావలసిన మర పిచ్ 1.5 మి.మీ. అంటే కడ్డీ ఒక చుట్టు తిరిగేసరికి లీడ్ స్క్రూ పావు చుట్టు మాత్రమే తిరగాలి. కడ్డీ వైపు 20 పళ్ల చక్రం, లీడ్ స్క్రూ వైపు 80 పళ్ల చక్రం పెడితే సరి. 3 మి.మీ. పిచ్ కావాలంటే 20 తీసి 40 పెట్టండి. ఒకే తల్లిమర నుండి ఇన్ని రకాల పిల్లమరలు పుడుతున్నాయి! ఈ యంత్రానికి ఉన్న గొప్పతనమంతా ఈ చక్రాల పెట్టెలోనే ఉంది.

పాత లేతుల పక్కన ఉండే చక్రాలలో ఒకదానికి 127 పళ్లు ఉంటాయి. 125 కాదు, 130 కాదు, 127 ఎందుకు? ఒక అంగుళం అంటే 25.4 మి.మీ. దానిని 5 చేత హెచ్చించండి. 127 వస్తుంది. లీడ్ స్క్రూకు అంగుళానికి 4 చుట్లు ఉంటే దాని పిచ్ 6.35 మి.మీ. కడ్డీ వైపు 40 పళ్లు, లీడ్ స్క్రూ వైపు 127 పళ్లు పెడితే 6.35 × 40 ÷ 127 = 2. సరిగ్గా 2 మి.మీ. పిచ్ వచ్చింది. అంగుళాల లేతు మిల్లీమీటర్ల మర కోసింది! భారతదేశం 1956లో మెట్రిక్ కొలతల చట్టం చేసింది. న్యూజీలాండ్ 1969లో మొదలుపెట్టి 1976 చివరికి ఆ మార్పును చాలావరకు ముగించింది. ఇంగ్లండు నుండి తెచ్చుకున్న లేతులను పారవేయకుండా పని గడుపుకోవడానికి ఈ 127 పళ్ల చక్రం రెండుచోట్లా అక్కరకు వచ్చే పనిముట్టే. లెక్కల మాస్టారు "ప్రధాన సంఖ్యలు ఎందుకు పనికివస్తాయి?" అని అడిగితే ఈ చక్రాన్ని చూపించండి.

అందరికీ ఒకే మర

యంత్రం వచ్చింది గనుక ఒక కార్ఖానాలోని మరలన్నీ ఒకటిగా వచ్చాయి. కాని పక్క కార్ఖానా వారి కొలత వేరు. ఏ రకం మర అయినా కోయగల యంత్రం ఉండడమే ఇక్కడ చిక్కు తెచ్చింది. ఎవరికి తోచిన మర వారు కోసుకున్నారు.

మాడ్స్‌లే కర్మాగారంలో పనిచేసినవాడే జోసెఫ్ విట్‌వర్త్. ఆయన ఇంగ్లండులోని అనేక కార్ఖానాల నుండి మరమేకులు, బోల్టులు తెప్పించి, కొలిచి, సరాసరి కట్టాడు. ఏ లావుకు అంగుళానికి ఎన్ని చుట్లు ఉండాలో పట్టిక వేశాడు. గట్టుకూ గట్టుకూ మధ్య కోణం 55 డిగ్రీలు ఉండాలన్నాడు. 1841లో దీనిని ఇంజనీర్ల ముందు పెట్టాడు. నా కార్ఖానా మరే గొప్పదని అనకుండా పదిమంది మరల సరాసరి తీయడం మెచ్చుకోదగిన పని. బ్రిటిషు వారి రైళ్లతో, పంపులతో, పైపులతోపాటు ఈ 55 డిగ్రీల మర ఇండియాకూ వచ్చింది, న్యూజీలాండుకూ వచ్చింది.

ఇప్పుడు మీ వంటగదిలోకి రండి. సింకు కింద తొంగి చూడండి. కుళాయికి నీరు తెచ్చే గొట్టం చివర ఉన్న నట్టులో మర ఉంటుంది. అది సాధారణంగా 'అర అంగుళం బ్రిటిష్ స్టాండర్డ్ పైపు మర' అయి ఉంటుంది. అంగుళానికి 14 చుట్లు, కోణం 55 డిగ్రీలు. బోల్టులన్నీ మిల్లీమీటర్లలోకి మారినా నీటి పైపుల మర మాత్రం మారలేదు. గోడల లోపల ఉన్న లక్షల పైపులను ఎవరు మారుస్తారు? అందుచేత న్యూ లిన్‌లో మీ ఇంటి కుళాయికీ, విజయవాడలో మీ అమ్మమ్మగారి ఇంటి కుళాయికీ మర ఒక్కటే. ఈ కొలతనే భారతదేశపు ప్రమాణమూ, అంతర్జాతీయ ప్రమాణమూ ఒప్పుకున్నాయి. అయితే మర సరిపోయిందని ఏ కుళాయి పడితే ఆ కుళాయి తెచ్చి బిగించకూడదు సుమా! ఏ లోహంతో చేశారో, తాగేనీటికి తగినదో కాదో చూడవలసినవారు వేరే ఉన్నారు. సందేహం ఉంటే లైసెన్సు ఉన్న ప్లంబరును అడగాలి.

ఇంకొక వింత. అర అంగుళం మరను స్కేలుతో కొలిస్తే బయటి కొలత అర అంగుళం రాదు. రమారమి 21 మి.మీ. వస్తుంది. అర అంగుళమంటే 12.7 మి.మీ. గదా? పూర్వం పైపులకు లోపలి బోలును బట్టి పేరు పెట్టారు. దళసరి ఇనుప గోడలు కలిసి బయటి కొలత పెరిగింది. తరువాత గోడలు పలచబడ్డాయి, పేరు మాత్రం నిలిచిపోయింది. వాడుకలో నిలిచిన మాట అర్థం మారినా పోదని వ్యాకరణంలో చదువుకున్నారు. పైపులకూ అదే సూత్రం!

మన న్యూ లిన్ మట్టికి పేరుపడిన చోటు. ఇక్కడి బంకమట్టితో ఇటుకలు, మట్టి గొట్టాలు, క్రౌన్ లిన్ వారి పింగాణీ కప్పులు, పళ్లాలు తయారయ్యేవి. క్రౌన్ లిన్ 1989లో మూతపడింది. పాత ఇటుక బట్టీ ఒకటి ఆంబ్రికో ప్లేస్‌లో ఇప్పటికీ నిలిచి ఉంది, వెళ్లి చూడండి. ఆ మట్టి గొట్టాలకు మర వేసేవారు కారు. ఒక గొట్టం చివర గంటలాగ వెడల్పు నోరు ఉంటుంది. రెండవ గొట్టాన్ని అందులో దూర్చి సందు మూస్తారు. మురుగునీరు వాలులో తనంతట తాను పారుతుంది. దానికి ఒత్తిడి లేదు, కనుక ఆ అతుకు చాలు. కుళాయి నీరు అట్లా కాదు. ఒత్తిడితో తోసుకొని వస్తుంది. సందు దొరికితే చిమ్ముతుంది. అక్కడే మర కావాలి.

ఒత్తిడికి ఆగే పైపు మరను కొద్దిగా కోసుగా కోస్తారు. 16 మి.మీ. పొడవుకు 1 మి.మీ. చొప్పున లావు తగ్గుతుంది. బిరడాను సీసాలో దిగకొట్టినట్టు, తిప్పినకొద్దీ బిగుసుకుంటుంది. అయినా గట్ల నడుమ సన్నని సందు మిగులుతుంది. దానిని మూయడానికి మన ఊళ్లలో ప్లంబర్లు మర మీద నూలుదారం చుట్టి సఫేదా పూసేవారు. చూశారా? దారం, మర చివరికి ఒకచోటికే చేరాయి! ఆ సఫేదాలో సీసం ఉండేది గనుక తాగేనీటికి మంచిది కాదు. ఇప్పుడు తెల్లని టెఫ్లాన్ టేపు చుడుతున్నారు.

బోరు బావిలో

మర తప్పితే ఏమవుతుందో తెలియాలంటే అనంతపురం జిల్లాకు వెళ్లాలి. అక్కడి చాలా పొలాలకు నీరు బోరు బావుల నుండే రావాలి. మోటారును నేల మీద పెట్టరు. నీటిలో మునిగేటట్టు బోరులోకి దింపుతారు. ఎట్లా దింపుతారు? మోటారుకు 20 అడుగుల ఇనుప పైపు మరతో బిగిస్తారు. కొంత దింపి, దాని తలకు సాకెట్టు తొడిగి, మరో పైపు బిగిస్తారు. ఇట్లా ఒకదాని మీద ఒకటి. 300 అడుగుల లోతుకు 15 పైపులు కావాలి.

ఇప్పుడు చెప్పండి, ఈ అతుకులలో దేని మీద ఎక్కువ బరువు ఉంటుంది? మోటారును పట్టుకున్న అడుగు అతుకు మీదనా? కాదు. అది మోటారు బరువును మాత్రమే మోస్తుంది. అన్నిటికంటె పై అతుకు తన కింద ఉన్న పైపులన్నిటినీ, వాటిలోని నీటినీ, మోటారునూ కలిపి మోస్తుంది. ఒకటిన్నర అంగుళం ఇనుప పైపు 20 అడుగుల ముక్క 22 కిలోల దాకా ఉంటుంది. 15 పైపులకు 330 కిలోలు. లోపలి నీరు, మోటారు కలిపితే అర టన్నుకు చేరుతుంది. ఇంత బరువునూ మోసేది రెండు వేళ్ల పొడవు కూడా లేని మర. మోటారు వేసినప్పుడల్లా, ఆపినప్పుడల్లా ఆ పైపుల వరుస ఒక్క కుదుపు కుదుపుతుంది.

మర లోతుగా కోస్తే పైపు గోడ పలచబడి అక్కడ తెగుతుంది. పైపైన కోస్తే సాకెట్టులోకి చాలినన్ని చుట్లు ఎక్కదు. కోసే డై మొద్దుబారితే గట్లు చిరిగినట్టు వస్తాయి. తుప్పు అక్కడే మొదలవుతుంది. ఒకనాటి రాత్రి పై మర తెగితే పైపులు, మోటారు అన్నీ అడుగుకు పడిపోతాయి. వాటిని కొక్కేలతో పైకి తీయడం అన్నివేళలా సాధ్యం కాదు. అప్పు తెచ్చి వేయించిన బోరు, ఎండుతున్న వేరుశనగ చేను, ఇంట్లో పెళ్లి ఈడుకు వచ్చిన పిల్ల, వీటన్నిటికీ ఆ మర కోసిన పనివాని శ్రద్ధకూ సంబంధం ఉంది. అందుకే జాగ్రత్తగల రైతు పైపులతోపాటు మోటారుకు తాడు కూడా కట్టి దింపుతాడు. ఈమధ్య ఇనుముకు బదులు ప్లాస్టిక్ పైపులు దింపుతున్నారు. ప్లాస్టిక్ మెత్తనిది గనుక దానికి కోసు గట్ల మర పనికిరాదు. చదరపు గట్ల మర వేస్తారు. బలం గట్టు మీద సూటిగా పడి, మర చీలిపోకుండా ఉంటుంది.

సరిపోని మరలు

1904 ఫిబ్రవరిలో అమెరికాలోని బాల్టిమోరు నగరంలో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. వాషింగ్టన్, ఫిలడెల్ఫియా, న్యూయార్కుల నుండి అగ్నిమాపక దళాలు పరుగున వచ్చాయి. యంత్రాలు ఉన్నాయి, మనుషులు ఉన్నారు, నీరు ఉంది. కాని బయటి ఊళ్ల నుండి వచ్చిన అనేక దళాల గొట్టాల మర బాల్టిమోరు నీటి గొట్టాలకు ఎక్కలేదు! మంటలు రమారమి 30 గంటలు చెలరేగి 1,500కు పైగా భవనాలను కాల్చివేశాయి. ఆ మరుసటి సంవత్సరమే అగ్నిమాపక గొట్టాల మరకు దేశమంతటికీ ఒక కొలత ప్రతిపాదించారు. ఏ ఊరి మర ఆ ఊరికి బాగానే పనిచేసింది. పొరుగువాడు సాయానికి వచ్చిన రోజున తేడా బయటపడింది.

రెండవ ప్రపంచయుద్ధంలోనూ ఇదే కథ. బ్రిటిషు మర కోణం 55 డిగ్రీలు. అమెరికావారిది 60 డిగ్రీలు. ఒకే పక్షాన పోరాడుతున్నా ఒకరి బోల్టు ఒకరి నట్టుకు ఎక్కలేదు. యుద్ధం ముగిశాక 1948లో అమెరికా, బ్రిటన్, కెనడా కలిసి 60 డిగ్రీల ఉమ్మడి మరను ఒప్పుకున్నాయి. మనం ఇప్పుడు వాడే మెట్రిక్ బోల్టులకు కూడా 60 డిగ్రీలే.

బొత్తిగా సరిపోని మరతో ప్రమాదం తక్కువ. ఎక్కకపోతే తీసి పక్కన పెడతాం. సరిపోయినట్టు కనిపించే మరే మోసం చేస్తుంది. అమెరికా అర అంగుళం పైపు మరకు కూడా అంగుళానికి 14 చుట్లే. మన కుళాయికి తగిలిస్తే ఒకటి రెండు చుట్లు చక్కగా ఎక్కుతుంది. కాని దాని కోణం 60, మనది 55. లావులోనూ కొద్ది తేడా. బలవంతంగా బిగిస్తే ఆ పూటకు ఆగి, తరువాత కారుతుంది. అందుకే అనుభవం గల ప్లంబరు ముందు వేళ్లతో తిప్పి చూస్తాడు, ఆ తరువాతనే రెంచి పడతాడు.

ఎన్ని రకాల మరలు, ఎన్ని రకాల యంత్రాలు!

మర కోయడానికి లేతు ఒక్కటే ఉన్నదని అనుకోకండి. బెజ్జం లోపల మర వేయడానికి 'ట్యాప్' అనే గట్టి ఉక్కు పనిముట్టు ఉంది. చేతితో వేసేటప్పుడు ఇవి మూడు వరుసగా వాడతారు. మొదటిది కోసుగా ఉండి దారి చేస్తుంది, మూడవది అడుగు దాకా కోస్తుంది. బయటి మరకు 'డై' ఉంది. ప్లంబర్లు ఇనుప పైపును పట్టులో బిగించి, పొడుగు పిడి ఉన్న డైని తిప్పి మర కోస్తారు. విద్యుత్తుతో నడిచే పైపు యంత్రం అదే పని నిమిషాలలో చేస్తుంది. చేతితో తిప్పినా, యంత్రం తిప్పినా నూనె పోస్తూ ఉండాలి. లేకపోతే వేడికి గట్లు చిరుగుతాయి.

బోల్టులు వేలకొద్దీ కావాలంటే మరను కోయరు, ఒత్తుతారు. రెండు గట్టి అచ్చుల నడుమ కడ్డీని దొర్లిస్తే, చపాతీ పిండి కర్ర కింద సాగినట్టు, లోహం నొక్కుకొని గట్లుగా లేస్తుంది. తురుము రాలదు, లోహం వృథా కాదు. కోసినప్పుడు లోహంలోని పోగులు తెగుతాయి. ఒత్తినప్పుడు అవి మరతోపాటు వంగుతాయి గనుక బోల్టు మరింత బలంగా ఉంటుంది. సికింద్రాబాదులో 1943లో స్థాపించిన ప్రాగా టూల్స్ కర్మాగారం ఇటువంటి మర ఒత్తే యంత్రాలను తయారు చేసింది. మన తెలుగునేల బోల్టులను వాడుకోవడమే గాక, బోల్టులు చేసే యంత్రాలను కూడా చేసిందన్నమాట. మరీ ఖచ్చితమైన మరలను సానరాయి చక్రంతో అరగదీసి చేస్తారు.

గట్టు ఆకారం కూడా పనిని బట్టి మారుతుంది. పట్టి ఉంచవలసిన బోల్టుకు కోసు గట్టు. బరువు ఎత్తే కారు జాకీకి, బెంచి వైస్‌కు చదరపు గట్టు లేదా దానికి దగ్గరి ఆకారం. మురికి చేరకూడని పాల కర్మాగారపు గొట్టాలకు గుండ్రటి గట్టు. మూలలు ఉంటే పాలు అందులో నిలిచి పులిసిపోతాయి, గుండ్రంగా ఉంటే కడిగితే పోతుంది.

ఎడమచేతి మర గురించి చెప్పకపోతే ఈ పాఠం అసంపూర్ణం. మామూలు మర కుడివైపు తిప్పితే బిగుసుకుంటుంది. మీ సైకిలు ఎడమ పెడలు మర మాత్రం ఎడమవైపు తిప్పితే బిగుసుకుంటుంది. తొక్కేటప్పుడు దానంతట అది ఊడిపోకుండా ఈ ఏర్పాటు. వెల్డింగు చేసేచోట రెండు సిలిండర్లు ఉంటాయి. ఆక్సిజన్ గొట్టానికి కుడి మర, మండే గ్యాసు గొట్టానికి ఎడమ మర. చీకట్లో, తొందరలో, పని నేర్చుకుంటున్న కుర్రవాడు కూడా ఒకదాని గొట్టాన్ని ఇంకొకదానికి బిగించలేడు. మరలు సరిపోకుండా ఉండడమే ఇక్కడ ప్రాణాలు కాపాడుతుంది. బాల్టిమోరులో నష్టం తెచ్చిన సంగతే ఇక్కడ మేలు చేస్తోంది చూడండి.

ఈ కాలపు లేతులకు పళ్ల చక్రాలు మార్చే పని లేదు. పిచ్ ఎంతో అంకెలలో చెబితే కంప్యూటరు కడ్డీ తిరగడాన్నీ, పనిముట్టు జరగడాన్నీ కలిపి నడుపుతుంది. ఉదయం కుళాయి మర, మధ్యాహ్నం విరిగిన ఎముకలో బిగించే మరమేకు, సాయంత్రం మరొకటి ఒకే యంత్రం మీద కోయవచ్చు. కాని పని పూర్తయ్యాక టర్నరు గేజీలు తీస్తాడు. ఒకటి సాఫీగా ఎక్కాలి, దాని పేరు 'గో'. రెండవది ఎక్కకూడదు, దాని పేరు 'నో గో'. మొదటిది ఎక్కకపోయినా ముక్క పనికిరాదు, రెండవది ఎక్కినా పనికిరాదు. యంత్రం ఎంత ఖరీదైనదైనా ఈ పరీక్ష తప్పదు. ఈ ముక్కకు జతకాబోయేది ఎక్కడో మరో ఊళ్లో, మరో చేతిలో తయారవుతోంది. ఆ ఇద్దరు పనివారూ ఒకరినొకరు ఎన్నడూ చూడరు.

అభ్యాసం

1. రెండు వేర్వేరు కంపెనీల సోడా సీసాల మూతలు మార్చి బిగించి చూడండి. ఎక్కాయా? జాడీ మూతలతో కూడా చూడండి. ఏ జత ఎక్కిందో, ఏది ఎక్కలేదో, ఎందుకో నాలుగు వాక్యాలు వ్రాయండి.

2. లీడ్ స్క్రూ పిచ్ 6 మి.మీ. కడ్డీ వైపు చక్రానికి 30 పళ్లు. 2 మి.మీ. పిచ్ మర కోయాలంటే లీడ్ స్క్రూ వైపు ఎన్ని పళ్ల చక్రం కావాలి? లీడ్ స్క్రూకు అంగుళానికి 4 చుట్లు ఉన్న లేతు మీద 1 మి.మీ. పిచ్ కోయాలంటే 127 పళ్ల చక్రానికి జతగా ఏ చక్రం పెట్టాలి?

3. పిండిమర, మరమేకు, మరబొమ్మ, మరబియ్యం – వీటిలో 'మర' ఏ అర్థంలో వచ్చిందో చెప్పండి. మీ ఇంట్లో పెద్దలను అడిగి ఇటువంటి మాటలు మరి రెండు సేకరించండి.

4. బోరు బావిలో 10వ పైపు దగ్గర అతుకు తెగితే ఏవి పడిపోతాయి? ఏవి మిగులుతాయి? బొమ్మ గీసి చూపండి. పైపులను మోటారు వైపు నుండి లెక్కపెట్టండి.

5. మీ తాతగారికో, అమ్మమ్మగారికో ఫోను చేసి, వారి ఊళ్లో బోరు మోటారు దింపడం ఎప్పుడైనా చూశారేమో అడగండి. వారు చెప్పినది వారి మాటల్లోనే వ్రాసుకొని వచ్చి తరగతిలో చదవండి.